గుర్తుల లోపలి మాట ఎవరిది?

సాక్చిని ఆనుకుని ఉన్న పేట కాసిడీహ్. ఉక్కు కార్ఖానాలో పని కోసం శ్రీకాకుళం, విజయనగరం, గంజాం వైపుల నుంచి జంషెడ్‌పూర్ వచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో. తరాలు గడిచి, వాళ్లలో చాలామందికి ఇప్పుడు ఇదే సొంతూరు. పిల్లలు బడిలో హిందీ, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు ఇంట్లో మాట్లాడుకునే భాష. అలాంటి ఇంటి అమ్మాయి ఒకతె జర్నలిజం చదువుతూ, తోటి విద్యార్థులతో కలిసి నాలుగు పేజీల పత్రిక తెస్తోంది. మూడు పేజీలు హిందీ, చివరి పేజీ తెలుగు. ఆమె మేనమామ విశాఖపట్నంలో ఒక దినపత్రిక డెస్కులో సబ్ ఎడిటర్‌గా చేసి రిటైరైన మనిషి. చెల్లెలి ఇంటికి వచ్చి, మేనకోడలి కాపీ దిద్దిపెట్టారు. ఆ దిద్దుబాటుకు ఆమె ఒప్పుకోలేదు. ఇద్దరి మధ్య నడిచిన వాదం ఇది. వార్త రాయడం నేర్చుకునేవాళ్లంతా ఎప్పుడో ఒకప్పుడు తేల్చుకోవలసిన వాదం కూడా.

మేనకోడలు: మావయ్యా, మీరు నా కాపీ దిద్దలేదు, మళ్లీ రాసేశారు. నేను ఇంటర్వ్యూ చేసిన పెద్దాయన మాటలు నా ఫోన్‌లో రికార్డయి ఉన్నాయి. విని, అన్నది అన్నట్టు దించాను. “మా తాత సీకాకులం కాడ్నించి ఒచ్చీసినాడు. కంపెనీలో పనుందని ఎవులో సెప్తే ఒచ్చీసినాడు. అప్పుడిక్కడేటీ నేదు, అడివే. 1912లో లాటు దొరొచ్చి సాక్చీ పేరు తీసీసి జంషెడ్‌పూరని పెట్టీసినాడు. మా నాన్నా ఈడే సేసినాడు, నానూ ఈడే రిటైరయిపోనాను. అక్కడికెల్తే టాటావోడంటారు, ఇక్కడుంటే తెలుగోడంటారు. మరి నాదే ఊరో నువ్వే సెప్పమ్మా.” ఇదీ ఆయన మాట. మీ చేతిలో పడ్డాక ఇలా అయింది. “ఉపాధి నిమిత్తం మా తాతగారు శ్రీకాకుళం నుంచి వలస వచ్చారు. 1919లో సాక్చికి జంషెడ్‌పూర్‌గా నామకరణం జరిగింది. మూడు తరాలుగా ఇక్కడే పనిచేసినా మా అస్తిత్వం ప్రశ్నార్థకంగానే మిగిలింది” అని ఆయన ఆవేదన వ్యక్తం చేశారు. ఇందులో ఆ మనిషి ఎక్కడున్నాడు చెప్పండి?

మావయ్య: ఆయన చెప్పిన సంగతులన్నీ ఉన్నాయి కదమ్మా. తాత రావడం ఉంది, మూడు తరాలు ఉన్నాయి, ఏ ఊరివాడో తేలని బాధ ఉంది. నువ్వు పదిహేను లైన్లలో రాసింది ఎనిమిది లైన్లలో వచ్చింది. మా డెస్కుకి మండలాల నుంచి కంట్రిబ్యూటర్లు కాపీలు పంపేవాళ్లు. సభలో ఒకాయన అరగంట మాట్లాడితే అరగంటా రాసి పంపేవాళ్లు. పేజీ పెట్టే టైము దగ్గరపడుతుంటే, అందులోంచి సారం పిండి పాఠకుడికి ఇవ్వడమే మా ఉద్యోగం. శ్రీకాకుళంలో అన్న మాట చిత్తూరులో చదివేవాడికీ అర్థం కావాలి. ఎవరూ అచ్చుకెక్కేటట్టు మాట్లాడరు. అచ్చుకి తగ్గట్టు చెయ్యడానికే ఎడిటర్ అన్నవాడు ఉన్నాడు.

మేనకోడలు: సారం తీయొద్దని నేను అనడం లేదు. తీసిన సారాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, ఇది ఆయన అన్నమాట అని చెప్పొద్దంటున్నాను. “అస్తిత్వం ప్రశ్నార్థకం” అని ఆ పెద్దాయన అన్లేదు, ఈ జన్మలో అనడు. అది మన పత్రికల మాట. “ఆవేదన వ్యక్తం చేశారు” అన్నారు. ఆయన ఆ మాట నవ్వుతూ అన్నాడు మావయ్యా. రికార్డింగులో ఆ నవ్వు వినిపిస్తుంది. పైగా ఆయన నన్ను ప్రశ్న అడిగాడు. మీరు దాన్ని ప్రకటన చేసేశారు.

మావయ్య: ఒక మాట అడుగుతాను, కోప్పడకు. మంత్రిగారు సభలో తడబడితే మనం ఆ తడబాటు వేస్తామా? ఆయన మాటకి ఇస్త్రీ చేసి మరీ వేస్తాం. ఈ రిటైరైన కార్మికుడి మాట మాత్రం నలిగింది నలిగినట్టే వెయ్యాలా? నీకది నిజాయితీగా కనిపిస్తోంది. చదివేవాడికి మాత్రం ఒకాయన చదువుకున్నవాడు, ఇంకొకాయన మాట రానివాడు అని కనిపిస్తుంది. నేను ఆయన మాట దిద్దింది ఆయన మర్యాద కాపాడ్డానికి.

మేనకోడలు: అయితే మంత్రిగారిదీ ఇస్త్రీ చెయ్యడం మానేద్దాం. మర్యాద అంటే అందరికీ ఒకటే రూలు. ఆయన నోట ఆయనవి కాని మాటలు పెడితే అది మర్యాద ఎలా అవుతుంది? మన పురాణాల్లో రాయబారుల సంగతి మీకు తెలియనిది కాదు. సంజయుడు పాండవుల దగ్గరికెళ్లి తిరిగొచ్చాక, ఎవరేమన్నారో కొలువులో ధృతరాష్ట్రుడికి వినిపించాడు. వినే రాజుకి ఇష్టం లేని మాటలు కూడా దాచలేదు. విలేకరి పనీ అంతే. పాఠకుడు అక్కడ లేడు, నేనున్నాను. ఆ రెండు గుర్తులు పెట్టి, “నువ్వు నా పక్కన కూర్చున్నా ఇదే వినేవాడివి” అని అతనికి మాటిస్తున్నాను.

మావయ్య: కోర్టులు అంత కఠినంగా లేవమ్మా. అమెరికాలో జానెట్ మాల్కమ్ అనే పేరున్న రచయిత్రి ‘న్యూయార్కర్’ పత్రికలో జెఫ్రీ మాసన్ అనే మానసిక విశ్లేషకుడి మీద 1983లో రెండు పెద్ద వ్యాసాలు రాశారు. కొటేషన్లలో ఉన్న మాటలు నేను అన్లేదు అని ఆయన కోర్టుకెళ్లాడు. అది అక్కడి సుప్రీంకోర్టు దాకా పోయింది. 1991లో కోర్టు ఏం చెప్పింది? మాట మార్చినంత మాత్రాన తెలిసి అబద్ధం రాసినట్టు కాదు, అర్థం చెప్పుకోదగ్గంతగా మారితేనే తప్పు అంది. కేసు మళ్లీ కింది కోర్టుకొచ్చి, 1994లో జ్యూరీ రచయిత్రి పక్షానే తీర్పిచ్చింది. నేను అర్థం మార్చానా?

మేనకోడలు: ఆ కేసు మా క్లాసులోనూ చెప్పారు. తీర్పులో ఇంకో సగం ఉంది. గుర్తులు చూసిన పాఠకుడు మామూలుగా అవి మాట్లాడిన మనిషి సొంత మాటలే అనుకుంటాడని అదే కోర్టు ఒప్పుకుంది. కోర్టు తేల్చేది దేనికి శిక్ష వెయ్యొచ్చు అన్నది. శిక్ష తప్పినంత మాత్రాన ఆ పని మంచిదైపోదు. అసోసియేటెడ్ ప్రెస్ స్టైల్ బుక్ చూడండి. చిన్న వ్యాకరణ దోషం దిద్దడానికి కూడా కొటేషన్‌లో వేలు పెట్టొద్దంటుంది. మాట సరిగ్గా లేకపోతే గుర్తులు తీసేసి మన మాటల్లో రాసుకోమంటుంది. ఆ దారి తెరిచే ఉండగా మార్చవలసిన అవసరం ఏమిటి?

మావయ్య: సరే, లోపల వేలు పెట్టొద్దు. అయితే ఆయన 1912 అన్నాడు. సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టింది 1919లో, వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చినప్పుడు. నీ రూలు ప్రకారం తప్పు తేదీని గుర్తులు పెట్టి మరీ అచ్చు వెయ్యాలి. రేపు ఏ పిల్లాడో దాన్ని చూసి పరీక్షలో రాస్తాడు. “ఆయన అన్నాడు, నేను వేశాను” అంటే సరిపోతుందా? తప్పు ఎవరి నోట వచ్చినా, అచ్చులోకి ఎక్కాక అది పత్రిక తప్పే.

మేనకోడలు: తప్పు తేదీ వెయ్యకూడదు. కానీ మీరు చేసినట్టు గుర్తుల లోపల 1919 అని దిద్దడం ఇంకా పెద్ద తప్పు. ఆయనకు తెలియని సంగతి ఆయనకు తెలిసినట్టు చూపించారు. దిద్దుబాటు బయట జరగాలి. ఆయన మాట తరవాత, పేరు మారింది 1919లో అని మన వాక్యం ఒకటి చేరుస్తాను.

మావయ్య: అప్పుడేమవుతుందో ఆలోచించు. పెద్దాయన ఒక మాట చెప్పడం, వెంటనే పత్రిక “కాదు, తప్పు” అనడం. ఆయన చరిత్ర పాఠం చెప్పడానికి కూర్చోలేదు. తన ఇంటి కథ చెప్పాడు. ఆ 1912 ఊరికే ఊడిపడిందీ కాదు. కార్ఖానాలో మొదటి ఉక్కు దిమ్మె పోత పోసింది ఆ ఏడాది ఫిబ్రవరిలో. కంపెనీ పుట్టింది 1907లో, ఉక్కు వచ్చింది 1912లో, ఊరికి పేరు మారింది 1919లో. ఇంట్లో చెప్పుకోగా చెప్పుకోగా రెండు తేదీలు ఒకటైపోయాయి. దాన్ని బయటపెట్టి దిద్దితే ఆయన పరువు పోతుంది, కథకి ఒరిగేది లేదు. ఆ వాక్యం కొటేషన్‌లోంచి తీసెయ్. పేరు మారిన సంగతి కావాలంటే నీ మాటల్లో, సరైన తేదీతో రాసుకో.

మేనకోడలు: తీసెయ్యడానికి నాకు అభ్యంతరం లేదు. కోయొచ్చు, మార్చకూడదు. నా రూలు అదే.

మావయ్య: కోత అంత అమాయకమైన పని కాదు, అక్కడికే వస్తున్నాను. “అప్పుడిక్కడేటీ నేదు, అడివే” అన్న మాట ఉంచావు. ఎందుకుంచావు?

మేనకోడలు: బాగుంది కాబట్టి. ఒక్క ముక్కలో అప్పటి కాలం కళ్లకు కడుతుంది.

మావయ్య: కానీ నిజం కాదు. సుబర్ణరేఖ, ఖర్కాయి కలిసే చోటికి దగ్గర్లో సాక్చి అని ఒక ఊరుంది. ఆ ఊరి నేల మీదే కార్ఖానా లేచింది. చుట్టుపక్కల సంతాలులు, హోలు, భూమిజులు తరతరాలుగా బతుకుతున్నారు. వాళ్ల పిల్లలు నీ కాలేజీలో నీ పక్క బెంచీలో కూర్చునే ఉంటారు. “ఇక్కడేటీ నేదు” అని మన తెలుగు పేజీలో అచ్చయితే, వాళ్ల తాతలు ఇక్కడ లేరని మనం అన్నట్టు. ఆయన అన్నాడన్నది నిజమే. అన్నది అన్నట్టు వేసినా అబద్ధం చేరొచ్చు. నీ ఫోను ఆ సంగతి చెప్పదు.

మేనకోడలు: ఇది నాకు తట్టలేదు. ఆయన మాట విన్న ముచ్చటలో అందులో ఎవరు లేకుండా పోయారో చూడలేదు. అయితే ఈ మాటని కోసేయాలా, ఉంచి పక్కన నిజం చెప్పాలా? నాకు ఉంచాలనే ఉంది. దూరం నుంచి వచ్చిన వాళ్లు ఈ నేలని ఖాళీగా చూశారు. అదీ చరిత్రలో భాగమే. గుర్తులు తీసి రాస్తాను: అప్పటికిక్కడ అడివి తప్ప ఏమీ లేదని ఆ ఇంట్లో చెప్పుకునేవారు. ఆ వెనకే, సాక్చి ఊరు, చుట్టూ ఆదివాసీ పల్లెలు అప్పటికే ఉన్నాయని రాస్తాను. తేదీ విషయంలో తప్పు కోసేస్తే సరిపోయింది. ఇక్కడ కోస్తే సరిపోదు, ఎదురుగా నిజాన్ని నిలబెట్టాలి.

మావయ్య: చూశావా, ఎడిటింగ్ అంటే అదే. ఏది ఉంచాలి, ఏది తీయాలి, ఏ మాట పక్కన ఏ మాట పెట్టాలి. నువ్వు గుర్తుల లోపలే చూస్తున్నావు. లోపల ఎంత నిక్కచ్చిగా ఉన్నావో బయట అంత వదిలేశావు. ఇదే సంచికలో విద్యార్థి సభ వార్త చూడు. ఒక వక్త “ఉద్ఘాటించారు”, ఇంకొకరు “వక్కాణించారు”, మూడో ఆయన “వెల్లడించారు”, నాలుగో ఆయన “స్పష్టం చేశారు”. నలుగురూ చేసిన పని ఒక్కటే, మాట్లాడారు.

మేనకోడలు: ఒకే క్రియ మళ్లీ మళ్లీ వాడొద్దని చెప్పారు కదా. ప్రతి వాక్యం “అన్నారు” అని ముగిస్తే చదవడానికి విసుగ్గా ఉండదా?

మావయ్య: “అన్నారు” మీద పాఠకుడి కన్ను ఆగదు, జారిపోతుంది. ఆ మాటలో ఉన్న సుఖం అదే. మిగతావి ఒక్కోటీ ఒక్కో తీర్పు మోసుకొస్తాయి. “వెల్లడించారు” అన్నావంటే, దాగి ఉన్న నిజం బయటపెట్టారని నువ్వు ఒప్పుకున్నట్టు. “స్పష్టం చేశారు” అంటే, అందాకా గందరగోళం ఉందనీ, ఆయన దాన్ని తీర్చారనీ. “ఆరోపించారు” అంటే రుజువు ఇంకా లేదని. “ఒప్పుకున్నారు” అంటే ఆయన చేసింది తప్పని. పాఠకుడు గమనించకుండానే అతని చేత తీర్పు చెప్పించేస్తావు. అన్నవాడికి “అన్నారు”, వివరం ఇచ్చినవాడికి “చెప్పారు”, రాసిచ్చిన వాటికి “ప్రెస్ నోట్‌లో పేర్కొన్నారు”. వీటితో పత్రికంతా నడుస్తుంది. రాసిచ్చిన దాన్ని నోటితో అన్నట్టు వెయ్యడం కూడా మోసమే.

మేనకోడలు: ఒప్పుకుంటున్నాను. అయితే “ఆవేదన వ్యక్తం చేశారు” అన్నది ఎవరి కలం మావయ్యా?

మావయ్య: నా కలమే. డెస్కులో ఏళ్ల తరబడి చేతికి పట్టిన అలవాటు అది. కొట్టెయ్. ఆయన నవ్వాడని విన్నావు కాబట్టి, నవ్వుతూ అన్నాడని రాయి. విన్నదీ చూసిందీ రాస్తే ఆవేదన ఉందో లేదో పాఠకుడికే తెలుస్తుంది. ఇంకో సంగతి. నీ స్నేహితుడి కాపీలో “తాను ఇదే బస్తీలో పుట్టాను” అని గుర్తుల మధ్య ఉంది. “తాను” అన్నది విలేకరి మాట. గుర్తులుంటే లోపల “నేను” ఉండాలి. “తాను” కావాలంటే గుర్తులు తీసి, తాను ఇదే బస్తీలో పుట్టానని చెప్పారు అని రాయాలి. తెలుగులో “అని” ఒక్కటే రెండు పనులూ చేస్తుంది కాబట్టి, ఎక్కడ మనిషి మాట ఆగింది, ఎక్కడ మన మాట మొదలైంది అన్నది తేలిగ్గా చెరిగిపోతుంది. గట్టు సరిగ్గా కట్టవలసింది రాసేవాడే.

మేనకోడలు: అదే కాపీలో ఇంకా పెద్దదొకటి పట్టుకున్నాను. వాడు ఒక అమ్మాయిని “హాస్టల్లో నీళ్లు రాక ఇబ్బంది పడుతున్నారా?” అని అడిగాడు. ఆమె “అవును, కొంచెం” అంది. అచ్చులో “నీళ్లు రాక తీవ్ర ఇబ్బందులు పడుతున్నాం” అని ఆమె పేరుతో కొటేషన్. ప్రశ్న విలేకరిది, వాక్యం విలేకరిది, ఆమెది “అవును” ఒక్కటే. ఆ “కొంచెం” కూడా మిగలలేదు. ఇక రెండు వేర్వేరు ప్రశ్నల జవాబుల్ని మూడు చుక్కలు పెట్టి అతికించడం ఉంది. చుక్కలు పెట్టాం కదా అంటారు. మధ్యలో కొంత వదిలేశాం అని చెప్పడానికే ఆ చుక్కలు. వేరే చోటి మాటని తెచ్చి ఇక్కడ అంటించడానికి కాదు.

మావయ్య: అది డెస్కు పట్టుకోలేని తప్పు. రాసినవాడికే తెలుస్తుంది. అందుకే ఎడిటర్ విలేకరిని “నువ్వేమడిగావు?” అని అడగాలి. జవాబు చూస్తే చాలదు, ప్రశ్న కూడా చూడాలి. ఈ ఊళ్లో ఇంకో చిక్కుంది. ఒకాయన హిందీలో చెబుతాడు, ఒకావిడ బెంగాలీలో, మరొకరు సంతాలీలో. నువ్వు తెలుగు పేజీలో గుర్తులు పెట్టి వేస్తావు. నీ నిక్కచ్చి రూలు అక్కడ ఏమవుతుంది?

మేనకోడలు: అక్కడ గుర్తులు పెట్టే ముందు రెండుసార్లు ఆలోచిస్తాను. హిందీ నాకు వచ్చు. కాబట్టి దగ్గరగా తెచ్చి, హిందీలో చెప్పారని రాస్తాను. సంతాలీ నాకు రాదు. పక్కవాళ్లు హిందీలో చెప్పగా విన్నదాన్ని తెలుగులో గుర్తులు పెట్టి వేస్తే, రెండు నోళ్లు దాటి వచ్చిన మాటని నేరుగా విన్నట్టు చూపించినట్టే. అక్కడ గుర్తులు లేకుండా రాసి, ఎవరి సాయంతో మాట్లాడామో చెబుతాను. ఇక రికార్డింగు. మీరు ఫోన్ చూసి మొహం చిట్లించారు.

మావయ్య: ఫోన్ ముందు పెడితే మనిషి బిగుసుకుపోతాడు. చిన్న పుస్తకంలో ముక్క ముక్క రాసుకుంటే మాట సాగుతుంది. అయినా నువ్వు అడిగే పెట్టావన్నావు, అది మంచి పని. చెప్పకుండా మాటలు రికార్డు చెయ్యొద్దని ప్రెస్ కౌన్సిల్ నియమాలు చెబుతున్నాయి. కేసొస్తే తనను తాను కాపాడుకోవడానికో, అంత బలమైన మరో కారణానికో తప్ప. ఫోనూ ఉండనీ, పుస్తకమూ ఉండనీ. ఫోను మాటని పట్టుకుంటుంది. ఆయన ఎప్పుడు నవ్వాడో, ఎవరి వైపు చూశాడో పుస్తకంలో రాసుకుంటావు.

మేనకోడలు: హెడ్డింగుల గురించి కూడా అదే కౌన్సిల్ చెప్పింది కదా?

మావయ్య: చెప్పింది. కింద ఉన్న వార్త ఎంత మోస్తుందో హెడ్డింగు అంతే ఉండాలి. ఎవరైనా ఆరోపణ చేస్తే, హెడ్డింగులో వాళ్లెవరో చెప్పాలి, లేదంటే కనీసం గుర్తులైనా పెట్టాలి. “మెస్ డబ్బు స్వాహా” అని నువ్వు హెడ్డింగు పెడితే ఆ మాట పత్రికది. “మెస్ డబ్బుకి లెక్క లేదు: విద్యార్థులు” అంటే వాళ్లది. హెడ్డింగులో చోటు తక్కువ, అందుకే అన్నవాళ్ల పేరు ముందు ఎగిరిపోయేది అక్కడే. వార్త చదవని వాళ్లు కూడా హెడ్డింగు చదువుతారు.

మేనకోడలు: ఇంతవరకూ మనం దగ్గరపడ్డాం మావయ్యా. ఇక అసలు చోటికి వద్దాం. “సెప్పమ్మా” అన్నదాన్ని “చెప్పమ్మా” అని దిద్దారు. దీనికి మాత్రం నేను ఒప్పుకోను.

మావయ్య: ఇదే పేజీలో మీ ప్రిన్సిపాల్ గారి ఇంటర్వ్యూ ఉంది. ఆయనా తెలుగాయనే. నేను మాట్లాడాను కూడా. “ఆయన ఒచ్చాడు, నేను ఎల్లాను” అంటారు. నువ్వూ నేనూ అలాగే అంటాం. నువ్వేం రాశావు? “వచ్చాడు”, “వెళ్లాను”. ప్రిన్సిపాల్ గారి నోటి నుంచి వచ్చిన శబ్దాన్ని పుస్తకాల వరసలోకి తెచ్చి, కార్మికుడి శబ్దాన్ని మాత్రం విన్నది విన్నట్టు రాశావు. యాస చదువు తక్కువైన వాళ్లకే ఉంటుందని నీ పేజీ చెబుతోంది. నాకు అది నచ్చలేదు.

మేనకోడలు: ఆ తేడా నిజమే, కాదనను. కానీ దాన్ని చెరిపే దారి ఆయన యాస చెరపడం కాదు. మీ వైపువాడే గిడుగు రామమూర్తి గారు, జనం నోట ఉన్న తెలుగు రాతకి పనికిరాదనే వాళ్లతో ఎంత పోరాడారు! ఆయన దగ్గర పర్లాకిమిడిలో చదువుకున్న తాపీ ధర్మారావు గారు ‘జనవాణి’లో సంపాదకీయాలు వ్యావహారికంలో రాశారు. పత్రికల తెలుగు మారిందంటే అందులో ఈ ఉత్తరాంధ్ర, ఒడిశా వైపు తెలుగువాళ్ల చెయ్యి పెద్దది. రావిశాస్త్రి గారి కథల్లో విశాఖ మనుషులు వాళ్ల మాటే మాట్లాడతారు, ఎవరూ చులకన అయిపోలేదే.

మావయ్య: కథలో రచయిత తన మనుషులందరికీ ఒకే చెవి పెడతాడు. ప్లీడరుకీ యాస ఉంటుంది, ముద్దాయికీ ఉంటుంది. నీ వార్తలో ఆ సమానం లేదు, నా అభ్యంతరం అదే. ఇక గిడుగు వారు అడిగింది, శిష్టులు మాట్లాడే భాషని రాతలోకి తెమ్మని. ప్రతి శబ్దాన్నీ చెవికి వినపడ్డట్టు అచ్చు వెయ్యమని కాదు. మాట వేరు, పలుకు వేరు. “ఏటీ”, “నాను”, “రిటైరయిపోనాను” అనేవి ఆయన మాటలు. వాటిని “ఏమీ”, “నేను”, “రిటైరయ్యాను” చెయ్యకు, సరే. “సె”ని “చె” చేస్తే ఏ మాటా మారదు.

మేనకోడలు: మీ చెవికి మారదు. ఈ ఊళ్లో మూడు తరాలు హిందీ మధ్య బతికి, ఇంకా “సెప్పమ్మా” అనే పలుకు నిలబెట్టుకున్న మనిషి ఆయన. “నాదే ఊరో” అని అడిగిన ప్రశ్నకి సగం జవాబు ఆ పలుకులోనే ఉంది. ఆ ప్రశ్నే కథకి ప్రాణం అయినప్పుడు, దాన్ని దిద్దితే అర్థమే పోతుంది. మంచినీళ్ల పైపు పగిలిన వార్తలో ఆయనే మాట్లాడి ఉంటే, పలుకు దిద్దినా ఊరుకునేదాన్నేమో.

మావయ్య: అంటే విషయాన్ని బట్టి రూలు మారుతుందంటావు?

మేనకోడలు: కాదు, ఆ మినహాయింపు వెనక్కి తీసుకుంటున్నాను. విషయాన్ని బట్టి మారితే అది రూలు కాదు. ఇప్పుడు పేరా ఇలా రాశాను, వినండి. ఆయన తాతగారు శ్రీకాకుళం నుంచి వచ్చారు. కంపెనీలో పని ఉందని ఎవరో చెబితే బయల్దేరారట. అప్పటికిక్కడ అడివి తప్ప ఏమీ లేదని ఆ ఇంట్లో చెప్పుకునేవారు. నిజానికి సాక్చి ఊరు, చుట్టూ ఆదివాసీ పల్లెలు అప్పటికే ఉన్నాయి. సాక్చికి జంషెడ్‌పూర్ అన్న పేరు 1919లో వచ్చింది. తాత తరవాత తండ్రి, తండ్రి తరవాత ఆయన కార్ఖానాలో పనిచేశారు. “అక్కడికెల్తే టాటావోడంటారు, ఇక్కడుంటే తెలుగోడంటారు” అని ఆయన నవ్వుతూ అన్నారు. “మరి నాదే ఊరో నువ్వే సెప్పమ్మా.”

మావయ్య: బాగుంది. నా ఎనిమిది లైన్లకన్నా బాగుంది. ఏడు వాక్యాల కొటేషన్ పోయి రెండు మిగిలాయి, ఆ రెండూ ఆయన తప్ప ఇంకెవరూ చెప్పలేనివి. కొటేషన్ వెయ్యాలా వద్దా అన్నదానికి కొలత అదే. సంగతి ఎవరైనా చెప్పగలరంటే మనమే చెప్పాలి. ఆ మనిషే చెప్పాలంటే అప్పుడు గుర్తులు. అయితే అచ్చుకి ముందు ఆయనకి ఇది చూపిస్తావా?

మేనకోడలు: కాపీ చూపించను. ఏది రాయాలో తేల్చేది పత్రిక. కానీ ఆయన మాటలు రెండూ ఆయనకి చదివి వినిపిస్తాను. నేను తప్పుగా విని ఉంటే అక్కడే తెలుస్తుంది.

మావయ్య: మా రోజుల్లో అదీ చేసేవాళ్లం కాదు. కానీ తప్పు లేదు. ఒక్క జాగ్రత్త, “అలా కాకుండా ఇంకాస్త గౌరవంగా రాయండి” అని ఆయనే అడగొచ్చు. అప్పుడు ఆయన కొత్తగా చెప్పిన మాట కూడా ఆయన మాటే. ఇష్టం లేకపోతే గుర్తులు తీసేయాలి తప్ప, నువ్వు తయారుచేసి పెట్టకు.

మేనకోడలు: అలాగే. మరి “సె” సంగతి?

మావయ్య: నా మనసు మారలేదు, కానీ పత్రిక నీది. ఉంచుకో. ఒక్కటే షరతు. ఆ పక్కనే ఉన్న ప్రిన్సిపాల్ గారి కొటేషన్‌లో “వచ్చాడు” అని ఉంది. రికార్డింగు మళ్లీ విను. “ఒచ్చాడు” అని ఉంటే “ఒచ్చాడు” అనే వెయ్యి. అంత ధైర్యం లేదంటే రెండూ దిద్దు. ఒకరికి ఒక రూలు, ఇంకొకరికి ఇంకొకటి అయితే మాత్రం నేను పెట్టిన “చె” ఉండాల్సిందే.

మేనకోడలు: ఒప్పుకున్నాను. ప్రిన్సిపాల్ గారి ఆఫీసుకి రేపు నేనే వెళ్లి, ఆయన మాట కూడా అన్నది అన్నట్టే వేస్తున్నామని చెబుతాను. ఎందుకని అడిగితే మన రూలు చెబుతాను. గుర్తుల లోపల మాట మనిషిది, బయట బాధ్యత పత్రికది, ఆ మనిషి ఎవరైనా సరే. హిందీ పేజీలు మూడింటికీ అదే వర్తిస్తుంది.

మావయ్య: అయితే ముందు ఆ “ఉద్ఘాటించారు” కొట్టెయ్యి. నాలుగు పేజీలూ ఇటు తే, బయట ఉన్నవి నేను చూస్తాను. లోపల ఉన్నవాటి పక్కన నువ్వు రికార్డింగు పెట్టుకుని కూర్చో.